ఏడో గోరీలో గీతలెన్ని

షఫీక్ గురించి గురజాల బస్టాండు దగ్గరా, మసీదు అరుగుల మీదా చెప్పుకునే మాటలు ముఖ్యంగా నాలుగు. భూమిలో ఉన్న శవాలను చూడగల యంత్రం అతని దగ్గర ఉందనేది మొదటిది. కాలువ కాంట్రాక్టరు చేయి తడిపితే గోరీలను తగ్గించి రాశాడనేది రెండోది. ఒక తల్లి ఏడుపు చూడలేక, లేని శవాన్ని ఉన్నట్టు రాశాడనేది మూడోది. ఈ రెండో మాటనూ మూడో మాటనూ ఒకే మనిషి ఒకే పూట చెప్పగా విన్నాను. నాలుగోది కొంచెం చదువుకున్నవాళ్లు చెప్పేది: మొదటిసారి తెచ్చిన యంత్రం చెడిపోయిందనీ, రెండోసారి బాగు చేయించుకుని వచ్చాడనీ.

ఈ నాలుగూ తప్పే. యంత్రం శవాన్ని చూడదు. షఫీక్ ఎవరి దగ్గరా ఏమీ తీసుకోలేదు. లేనిదాన్ని ఉన్నట్టు రాయనూ లేదు. యంత్రం చెడిపోవడం అసలే జరగలేదు. అది తన శక్తి మేరకు సరిగ్గానే పనిచేసింది. ఆ శక్తి ఎంతవరకో తెలుసుకోకుండా దానికి లేని మాటను దాని చేత చెప్పించినవాడు షఫీక్. జరిగింది అక్కడి నుంచి చెప్పాలి.

షఫీక్‌కు నలభై మూడేళ్లు. గురజాలలో నూర్‌బాషాల కుటుంబం వాళ్లది. ఇంట్లో మాట్లాడేది తెలుగే. తండ్రి దూది ఏకి పరుపులు కుట్టేవాడు. కొడుకు ఆ పనికి పోకుండా బోరు మోటార్లకు తీగ చుట్టడం నేర్చాడు. పద్దెనిమిదేళ్లు ఆ పని చేశాక, గుంటూరు నుంచి వచ్చిన ఒక సర్వే సంస్థ వాళ్లు జనరేటరు బాగుచేయించుకోవడానికి పిలిచి, అతని చేతి నిదానం చూసి, తమ నేల రాడారు నడిపే పనిలో పెట్టుకున్నారు. మూడు చక్రాల మీద నెట్టుకుపోయే పెట్టె అది. నేలలోకి రేడియో తరంగాలను పంపుతుంది. లోపల రాయో, ఇనుమో, గుల్లో తగిలితే తరంగంలో కొంత వెనక్కి వస్తుంది. ఎంత ఆలస్యంగా వస్తే ఆ వస్తువు అంత లోతున ఉన్నట్టు. బండిని నెట్టుకుంటూ పోతే ఆ ప్రతిధ్వనులన్నీ పక్కపక్కన చేరి, నేలను నిలువునా కోసి చూపినట్టు తెర మీద బొమ్మగా పడతాయి.

మాచర్ల నుంచి నరసరావుపేట దాకా, రోడ్లు తవ్వే ముందు మంచినీటి గొట్టాలూ కేబుళ్లూ ఎక్కడున్నాయో అయిదేళ్ల పాటు అతనే చూపించాడు. అతను సున్నం చల్లిన చోట ప్రొక్లెయిన్ ఆగేది. ఆ అయిదేళ్లలో అతను గుర్తు పెట్టిన గొట్టం ఒక్కటీ పగలలేదు. మనిషికి తన మీద తనకు నమ్మకం కుదరడానికి అది చాలు. కానీ ఇక్కడ గొట్టం ఉందా అని అడగడం వేరు, ఈ గొట్టం కింద ఇంకో గొట్టం ఉందా అని అడగడం వేరు. రెండో ప్రశ్న అతణ్ణి అంతవరకూ ఎవరూ అడగలేదు.

2024 నవంబరులో అడిగారు. గురజాలకు పన్నెండు కిలోమీటర్ల దూరంలో ఒక ఊరి ఖబరస్తాను పక్కనుంచి సాగునీటి కాలువ పోతుంది. దాన్ని వెడల్పు చేయడానికి తూర్పు అంచున ఆరు గజాల నేల ఇవ్వాల్సి వచ్చింది. ఆ నేలలో పాత వరుసలోని గోరీలు పదకొండున్నాయి. మసీదు కమిటీ పెద్ద మౌలాలి, బడిలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి, మత పెద్దల సలహా తీసుకుని ఒక పద్ధతి పెట్టాడు. పదిహేనేళ్లు దాటిన గోరీల్లో మనిషి మట్టిలో కలిసిపోయి ఉంటాడు కాబట్టి వాటిని తెరవకుండా చదును చేయవచ్చు. అంతకన్నా కొత్తవాటిని తెరిచి, ఉన్నవారిని మర్యాదగా లోపలి నేలకు మార్చాలి. ఏ గోరీనైనా సరే ఉత్త అనుమానం మీద తెరవకూడదు, ఆధారం కావాలి.

పదకొండూ పాతవేనని ఊళ్లో అందరికీ తెలుసు. అయినా యంత్రం పెట్టి చూడమనడానికి కారణం ఆ ఊరి ఆనవాయితీ. ఖబరస్తాను ఇరుకు. తండ్రి పోయిన కొన్నేళ్లకు కొడుకు పోతే, భర్త పోయిన కొన్నేళ్లకు భార్య పోతే, అదే గోరీలో పైన పెడతారు. గోరీలు తవ్వే మనిషి పాత నాపరాయి పలకలు తగిలేదాకా పోతాడు. వాటిమీద కొంత మట్టి వదిలి, కొత్తగా పోయినవారిని పడుకోబెట్టి, పైన మళ్లీ పలకలు పరుస్తాడు. ఆ ప్రాంతంలో నాపరాయి చెక్క కన్నా సులువుగా దొరుకుతుంది. కింది పలకకూ పై పలకకూ మధ్య ఎడం మూరెడు. పైనుంచి చూస్తే ఒకటే గోరీ. అందుకని రిపోర్టులో ప్రతి గోరీకి ఎదురుగా, లోపల పలకల వరుస ఒకటా, రెండా అని రాయడానికి ఒక గడి పెట్టారు.

షఫీక్ పోయిన రోజుకు వానలు తగ్గి పది రోజులైంది. నల్లరేగడి నేల కింద ఇంకా తడిగా ఉంది. తడి రేగడి తరంగాలను మింగేస్తుంది. అందుకే అతను లోతుకు పోయే పెద్ద పెట్టెను, అంటే తక్కువ పౌనఃపున్యం దాన్ని, బండికి తగిలించాడు. పదకొండు గోరీల మీదా ఒక్కొక్క మందపాటి గీత వచ్చింది. పదకొండు గడుల్లోనూ ‘ఒకటి’ అని రాసి సంతకం పెట్టాడు.

ఫిబ్రవరిలో ఒక శనివారం పొద్దున మైమూనా అతని ఇంటికి వచ్చింది. అరవై దాటిన మనిషి, పత్తి తీతకూ మిరప కోతకూ పోయే కూలీ. గడప అవతలే నిలబడింది.

"అబ్బయ్యా, మా ఊళ్లో గోరీలు లెక్కేసింది నువ్వేనంట గదా."

"నేనే పిన్నమ్మా. లోపలికి రా."

"ఏడోది నా పెనిమిటిది. నన్నేసాహెబ్. దాంట్లో ఎంతమందని రాశావు?"

"ఒకరేనని రాశా."

"ఇంకోసారి చూడు. నా కొడుకున్నాడు దాంట్లో."

కొడుకు పేరు జావీద్. మాచర్ల రోడ్డులో ఆటో తోలేవాడు. 2021 మే నెలలో తల్లికీ కొడుక్కీ ఒకేసారి జ్వరం తగిలింది. ఇద్దరినీ నరసరావుపేటలో ఒక ఆసుపత్రిలో చేర్చారు. ఆరో రోజు జావీద్ పోయాడు. అప్పుడు ఆమె వేరే గదిలో ఆక్సిజను మీద ఉంది. పదకొండు రోజుల తర్వాత, గోరీలు తవ్వే ఉస్మాన్ ఫోను చేసి చెప్పాడు: ముసుగులేసుకున్న ఇద్దరు మనుషులు శవాన్ని తెచ్చారనీ, వాళ్ల నాయన మీదనే పెట్టి మళ్లీ పలకలు పరిచాననీ. ఆ మాట విన్నది ఆమె ఒక్కతే. ఊళ్లో మిగిలినవాళ్లు చెప్పేది వేరు: ఆ నెలలో శవాలు ఊళ్లకు రానేలేదు, అన్నిటినీ నరసరావుపేట బయటే పూడ్చేశారు. ఆసుపత్రి రిజిస్టరులో ‘అప్పగించడమైనది’ అన్న మాటా, చదవడానికి వీల్లేని ఒక సంతకమూ మాత్రం ఉన్నాయి.

"రేపు సోమారం నుంచి చదును చేస్తారంట. పాత గోరీ గదా, తెరవరంట. మిషను బొచ్చెతో ఎత్తి కట్ట మీద పోస్తే నా బిడ్డ ఆ మట్టిలో బోతాడు. ఆఁ, లేడూ అంటావా, అదీ చెప్పు. ఏడున్నాడో ఇంకోచోట ఎతుక్కుంటా" అంది ఆమె.

ఆ మధ్యాహ్నమే ఇద్దరూ కలిసి ఉస్మాన్ ఇంటికి వెళ్లారు. ఉస్మాన్‌కు పక్షవాతం వచ్చి మూడేళ్లయింది, మాట పడిపోయింది. మౌలాలి కూడా వచ్చి మంచం పక్కన కూర్చున్నాడు.

"ఉస్మాన్ మామా, జావీద్‌ని ఏడో గోరీలో నువ్వే పెట్టావా?" అని షఫీక్ అడిగాడు.

ఉస్మాన్ తల ఊపాడు. మైమూనా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఆగండి" అన్నాడు మౌలాలి. "మామా, ఆ గోరీలో కలెక్టరుగారిని గూడా పెట్టావా?"

ఉస్మాన్ అంతే నమ్మకంగా మళ్లీ తల ఊపాడు.

"చూశావా షఫీక్. నేను ఆమె మీద కక్షతో మాట్లాడటంలేదు. ఈ తల ఊపుడు చూసి గోరీ తెరిస్తే, రేపు పదకొండు ఇళ్లవాళ్లూ వస్తారు. నీ కాగితం మీద ఒకటి అని ఉంది. కాదంటే కాగితం నువ్వే మార్చాల."

మౌలాలి చెప్పింది న్యాయమే. ఆ తర్వాత షఫీక్ చేసింది మాత్రం న్యాయం కాదు. ఇంటికి పోయి నవంబరు ఫైలు తెరిచి, ఏడో గోరీ మీద వచ్చిన మందపు గీతను పెద్దది చేసి చూశాడు. సాఫ్ట్‌వేరులో అంచులకు పదును పెట్టాడు. గీత సన్నబడి, ఒకటిగా, స్పష్టంగా కనిపించింది. ఇంకా పెద్దది చేశాడు, ఇంకా స్పష్టంగా ఒకటే. ఆదివారం అంతా అదే పని. సోమవారం అక్కడ ప్రొక్లెయిన్ వరుస ఉత్తరపు కొస నుంచి మొదలుపెట్టింది. ఆ పూట కూడా అతను తెర ముందే ఉన్నాడు. తన కాగితం నిజమని తనకే చూపించుకోవడానికి రెండు రోజులు ఖర్చయ్యాయి.

మంగళవారం ఉదయం గుంటూరు ఆఫీసులో అతని ఫైళ్లను సరిచూసే నిస్సీకి ఫోను చేశాడు. ఆమె వయసులో అతని కన్నా చాలా చిన్నది, చదువులో చాలా పెద్దది.

"అన్నా, నువ్వు జూమ్ చేసేది బొమ్మని. నేలని కాదు" అంది ఆమె అంతా విని.

"షార్ప్ చేస్తే గీత సన్నగా వచ్చింది గదమ్మా."

"వచ్చుద్ది. ఆ సన్నదనం సాఫ్ట్‌వేరుది, నేలది కాదు. నువ్వు ఆ రోజు లోపలికి పంపిన సిగ్నల్ బ్యాండ్‌విడ్త్ ఎంత? వంద మెగాహెర్ట్జ్. ఆ మట్టిలో దానికి అర మీటరు తేడా ఉంటేగానీ రెండు వస్తువులు రెండుగా కనపడవు. అంతకన్నా దగ్గరుంటే రెండు ప్రతిధ్వనులూ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి ఒకే మందపు గీత. తర్వాత నువ్వు ఎంత పెద్దది చేసినా విడిపోవు. మీవాళ్లు పలకకీ పలకకీ మధ్య ఎంత వదులుతారు?"

షఫీక్ "మూరెడు" అన్నాడు.

"మూరెడంటే నలభై అయిదు సెంటీమీటర్లు. అంటే నీ బొమ్మలో రెండుండొచ్చు, ఒకటుండొచ్చు. ఆ గడిలో ‘ఒకటి’ అని రాయగూడదన్నా నువ్వు."

"మరేం రాయాల?"

"‘తెలియదు’ అని."

ఈ మాట కొంచెం విడమరచి చెప్పాలి, ఎందుకంటే ఊరి అపార్థాలన్నీ ఇక్కడివే. రాడారు బొమ్మలో సన్నని వివరం ఎంత కనిపిస్తుందనేది తెర పెద్దదనాన్ని బట్టి ఉండదు. పంపిన తరంగంలో ఎంత విస్తారమైన పౌనఃపున్యాల మేర ఉందో దాన్ని బట్టి ఉంటుంది. ఆ మేరనే బ్యాండ్‌విడ్త్ అంటారు. మేర ఇరుకైతే నేలలోకి పోయే తరంగపు తునక పొడుగ్గా ఉంటుంది. గోడకు సున్నం కొట్టే కుంచెతో మూరెడు లోపు రెండు గీతలు గీస్తే రెండూ కలిసి ఒకే పట్టీ అయినట్టు. మేర నాలుగింతలు పెంచితే కుంచె నాలుగో వంతుకు సన్నబడుతుంది. అప్పుడు జానెడు ఎడం ఉన్నా రెండు గీతలూ విడివిడిగా పడతాయి. పట్టీ పడ్డాక దాన్ని ఫొటో తీసి ఎంత పెద్దది చేసినా లోపలి రెండు గీతలు తిరిగి రావు. కుంచె మార్చి మళ్లీ గీయాలి.

ఆ రోజే షఫీక్ ఒక లేఖ రాశాడు. దాని ప్రతి చూశాను. నాలుగే వాక్యాలు. ‘పదకొండు గోరీల్లో ఒక్కొక్క పలకల వరుసే ఉందని రాసినది చెల్లదు. నేను వాడిన సాధనానికి మూరెడు ఎడంలో ఉన్న రెండు వరుసలను వేరుచేసి చూపే శక్తి లేదు. ఆ సంగతి నేను తెలుసుకుని ఉండాల్సింది. మళ్లీ చూసేవరకూ పని ఆపవలసిందిగా కోరుతున్నాను.’ ఒక ప్రతి సంస్థకూ, ఒకటి మౌలాలికీ, ఒకటి కాలువ పని చూసే ఇంజనీరు రాజశేఖర్‌కూ ఇచ్చాడు. సంస్థ అతణ్ణి ఉద్యోగంలోంచి తీసేసింది. అయితే లేఖ బయటికి పోయినందువల్ల, రెండో పరీక్షకు ఎక్కువ బ్యాండ్‌విడ్త్ ఉన్న పెట్టెను పంపక తప్పలేదు. దాన్ని నడపడానికి అక్కడి నేల తెలిసిన మనిషి వేరే లేనందువల్ల చివరిసారిగా అతణ్ణే పంపారు.

రాజశేఖర్ బుధవారం పొద్దున మిషను ఆపించాడు. అప్పటికి మొదటి నాలుగు గోరీలు చదునై, వాటి కింది నేల నిలువెత్తు లోతుకు తవ్వడం కూడా అయిపోయింది.

"పది రోజులు ఆపగలను మేస్త్రీ" అన్నాడు రాజశేఖర్. "పదకొండో రోజు మావాళ్లు నన్ను అడగరు. నన్ను తీసి ఇంకొకణ్ణి పంపుతారు. వాడికి ఈ కథ తెలియదు."

కొత్త పెట్టె పాతదానిలో నాలుగో వంతు ఉంది. దాన్ని చూసి మౌలాలి, "పెద్దదానికి కనపడంది ఈ టిఫిన్ డబ్బాకి కనపడుద్దా" అన్నాడు. ఆ మొదటి రోజున కనపడలేదు. విస్తారమైన మేర కావాలంటే ఎక్కువ పౌనఃపున్యాలకు పోవాలి; తడి రేగడి ముందుగా మింగేది వాటినే. రెండడుగుల కింద తెరంతా బూడిద రంగు. పెద్ద పెట్టెకు లోతు అందుతుంది, వివరం అందదు. చిన్నదానికి వివరం అందుతుంది, లోతు అందదు. మైమూనా తెర వంక చూసి, "ఏందబ్బయ్యా, ఏమీ లేదా" అంది. "ఉందో లేదో చెప్పేంత దూరం పోలేదు పిన్నమ్మా" అన్నాడు షఫీక్.

వానలు పోయి మూడు నెలలైనా నేల తడిగా ఉండటానికి కారణం ఖబరస్తాను గట్టు అవతలి మిరప తోట. అది వెంకట్రామయ్యది. నాలుగు రోజులకొకసారి నీళ్లు పెడుతున్నాడు. ఊట ఇటే వస్తుంది. షఫీకూ మైమూనా కలిసి ఆయన దగ్గరికి పోయారు.

"మీ గోరీ ఆరడానికి నా తోట ఎండబెట్టమంటావా?" అన్నాడు వెంకట్రామయ్య.

"ఆ మాటే అడగనొచ్చామండీ."

"రెండో కాపు కాయ మీదుంది. ఇప్పుడు రెండు తడులు ఆపితే కాయ తాలైపోద్ది. తెలుసా నీకు?"

"తెలుసయ్యా" అంది మైమూనా. "నీ తోటలో మొన్నటిదాకా కోత కోసింది నేనే గదా."

వెంకట్రామయ్య గట్టెక్కి సాళ్లు లెక్కపెట్టాడు. "ఈ గట్టు పక్క ఎనిమిది సాళ్లకి నీళ్లు ఆపుతా. మిగతాదానికి ఆపను. అది ఆరితే మీ అదృష్టం, ఆరకపోతే నన్ననబాకండి" అన్నాడు. తర్వాత కళ్లంలో వాడే పట్టలు రెండు తెచ్చి గట్టు మీద పడేశాడు. "పగలు ఎండకి తెరవండి, పొద్దు గూకేముందు మంచు పడకుండా కప్పండి. కాయకి చేసినట్టే. ఎవడన్నా నేలని ఆరబోస్తాడా, ఖర్మ."

నేలను అలాగే ఆరబోశారు. మూరెడు మందాన పైమట్టి తీస్తే యంత్రం పలకలకు దగ్గరవుతుందని షఫీక్ అన్నాడు. అది గోరీ తెరవడం కింద వస్తుందా అన్నదాని మీద ఒక పూట వాదన జరిగింది. పలకల దాకా పోనంతవరకూ రాదని మౌలాలి మత పెద్దలను అడిగి తేల్చాడు. షఫీక్ ఇంకొక షరతు పెట్టాడు. ఏడోదాని మీద మాత్రమే కాదు, దాని పక్కన గోరీ లేని ఖాళీ నేల మీదా, తొమ్మిదోదాని మీదా కూడా అదే లోతుకు మట్టి తీసి అలాగే ఆరబెట్టాలన్నాడు. తొమ్మిదోది వారసులు లేని ఒక ముసలాయనది, అందులో రెండో మనిషి ఉండే వీలు లేదు. చాకిరీ మూడింతలైందని పారలు పట్టినవాళ్లు విసుక్కున్నారు.

పట్టలు తీయడమూ కప్పడమూ మైమూనా తీసుకుంది. కూలికి పోవడం మానేసింది. ఆరో రోజు మధ్యాహ్నం మబ్బు పట్టింది. నాలుగు చినుకులు పడ్డాయి. షఫీక్ గురజాల నుంచి వచ్చేసరికి ఆమె పట్టలను రెండు మడతలు వేసి, అంచుల మీద నాపరాళ్లు పెట్టి, రాళ్లు చాలనిచోట తానే పడుకుని ఉంది.

"లే పిన్నమ్మా, వాన ఆగింది."

"మట్టి తడిసిందా చూడు ముందు."

తడవలేదు. కానీ ఆ రోజు ఎండ పోయింది. మర్నాడు కూడా సరిగ్గా రాలేదు. ఎనిమిదో రోజున ఇనప చువ్వ దింపి చూస్తే రెండడుగుల కింద మట్టి ఇంకా వేలికి అంటుకుంటోంది. తొమ్మిదో రోజున రాజశేఖర్ వచ్చి చువ్వకు అంటిన మట్టి చూసి వెళ్లిపోయాడు. ఆ సాయంత్రం మైమూనా ఒకే ప్రశ్న అడిగింది.

"రేపు గీతలు రాకపోతే ఏం రాస్తావు?"

"తెలియదని రాస్తా."

"తెలియదంటే తెరవరు గదా."

"తెరవరు."

"నాకోసం రెండని రాయవా?"

"రాయను పిన్నమ్మా. ఒకసారి తెలియకుండా రాసినందుకే ఇదంతా. తెలిసి రాయలేను."

ఆమె పట్టలు కప్పి ఇంటికి పోయింది. జాలిపడి రాశాడన్న మూడో మాటకు ఇది సమాధానం. ఈ సంభాషణ ఇద్దరూ విడివిడిగా ఒకే రకంగా చెప్పారు.

పదో రోజు మూడు గంటలకు, నేలకు ఎండ పూర్తిగా పట్టాక, షఫీక్ చిన్న పెట్టెను ఏడో గోరీ మీద నిలువుగా ఆరుసార్లు, అడ్డంగా ఆరుసార్లు నెట్టాడు. గీతలు మసకగా వచ్చాయి, కానీ వచ్చాయి. అడుగున్నర లోతున ఒకటి. దాని కింద మూరెడు ఎడంతో ఇంకొకటి. మధ్యలో ఖాళీ.

మౌలాలి కళ్లజోడు సవరించుకుని చూసి, "కిందిది మన ఊరి నాప పొర కావొచ్చు గదా. ఏ బావి తవ్వినా అయిదడుగుల్లోనే రాయి తగులుద్ది ఇక్కడ" అన్నాడు. లెక్కలు చెప్పిన మనిషి అడగాల్సిన ప్రశ్న అది. ఊరి నేలే పలకలు పలకలుగా పుట్టింది. మనిషి పరిచిన పలకనూ భూమి పరిచిన పలకనూ తరంగం తేడాగా చూడదు.

షఫీక్ పెట్టెను పక్కనున్న ఖాళీ నేల మీదికి తీసుకుపోయాడు. అక్కడ ఏ గీతా రాలేదు. అంటే ఊరి రాతి పొర అంత పైన లేదు. తొమ్మిదో గోరీ మీద నెట్టాడు. అక్కడ కింది లోతున ఒకటే గీత వచ్చింది, పైన లేదు. మౌలాలి ఆ మూడు బొమ్మలనూ పక్కపక్కన పెట్టించి రెండుసార్లు చూశాడు.

"ఇప్పుడు తెరవొచ్చు" అన్నాడు.

షఫీక్ రిపోర్టులో జావీద్ పేరు రాయలేదు. ‘ఏడో గోరీలో పలకల వరుసలు రెండు, వాటి మధ్య ఎడం మూరెడు, ఎవరివో ఈ సాధనం చెప్పదు’ అని రాశాడు. మర్నాడు ఉదయం చుట్టూ తెరలు కట్టి తెరిచారు. పై పలకల కింద, ఆసుపత్రి వాళ్లు చుట్టే ప్లాస్టిక్ కవరులో ఒక మనిషి ఉన్నాడు. కింది పలకలను కదపలేదు. ఆ గోరీలో రెండో మనిషిని పెట్టారని చెప్పుకున్నది మైమూనా ఒక్కతే కనుక, ఆ కవరు 2021 నాటిది కాక మరొక కాలానిది అయ్యే వీలు లేదు కనుక, అతను జావీదేనని కమిటీ తీర్మానించింది. ఆ తీర్మానంలో నాకు లోపం కనిపించలేదు. లోపలి నేలలో కొత్త గోరీ తవ్వి నమాజు చేశారు. మైమూనా గట్టు మీద కూర్చుని ఉంది. అయిందని చెప్పడానికి షఫీక్ వెళితే, "నాలుగేళ్లు పేట రోడ్డున పోయినప్పుడల్లా ఏ గుంటలో ఉన్నాడో అని చూసేదాన్ని. ఇంక చూడను" అంది. ఏడవలేదు.

కథ ఇక్కడ ఆగి ఉంటే ఊరు అతణ్ణి మెచ్చుకుని ఊరుకునేది. అదే వారం సయీదా అనే మనిషి షఫీక్‌ను వెతుక్కుంటూ వచ్చింది. ఆమె భర్త కూడా 2021 మేలోనే పోయాడు. పేట బయట పూడ్చారని ఎవరో చెబితే ఆమె నమ్మింది. జావీద్ కనిపించాకనే ఆమెకు అనుమానం పుట్టింది.

"మా మామగారి గోరీ మూడోది. మా ఆయన దాంట్లో ఉన్నాడా అన్నా?"

"తెలవదమ్మా."

"మైమూనత్తకి చూపించావు గదా. మాకూ చూడు."

"చూడ్డానికి అక్కడ నేల లేదమ్మా. ఆ మట్టి కాలువ కట్ట మీదుంది."

"మరి మొదట తీసిన బొమ్మ ఉంది గదా నీ దగ్గర."

"ఉంది. దాంట్లో ఒక మందపు గీత ఉంది. అది ఒకటి కావచ్చు, రెండు కావచ్చు. ఇంక దాన్నుంచి ఏమీ రాదు."

"ఎవరినడిగితే తెలుద్ది?"

"ఉస్మాన్ మామకి తెలుసుండాలి" అని అతను తల వంచుకున్నాడు.

ఆమె ఉస్మాన్ ఇంటికి పోయింది. ఉస్మాన్ తల ఊపాడు.

సయీదా లాంటివాళ్లది ఆ ఊళ్లో ఇంకో ఇల్లు ఉంది. రెండు ఇళ్లకూ షఫీక్ మళ్లీ తానే వెళ్లి, తన మొదటి కాగితం తప్పనీ, రెండు రోజులు ముందే చెప్పి ఉంటే ఆ నాలుగు గోరీలు మిగిలేవనీ చెప్పి వచ్చాడు. రెండో ఇంటి వాళ్లు తలుపు తీయలేదు. గుమ్మం బయట నిలబడి చెప్పాడు. ఇప్పుడు మళ్లీ మోటార్లకు తీగ చుడుతున్నాడు. రెండో గీత దొరికాక గడువు పెరగడంతో, ఏడోది కాక మిగిలిన ఆరింటినీ కూడా అలాగే ఆరబెట్టి, వెళ్లే ముందు చిన్న పెట్టెతోనే చూశాడు. ఒక్కొక్క గీతే వచ్చింది. ఎంత ఎడం వరకూ చూడగలిగాడో పక్కనే రాశాడు.

షఫీక్ ఏం చేశాడని అడిగితే జవాబు ఇది. శవాలను చూడలేదు, ఎవరికీ అమ్ముడుపోలేదు, ఎవరి కన్నీటికీ లొంగలేదు. తన సాధనానికి కనిపించనిదాన్ని లేనిదిగా పదకొండుసార్లు రాశాడు. అనుమానం వచ్చాక కూడా రెండు రోజులు దాన్ని సమర్థించుకోవడానికి వాడాడు. మూడో రోజు తన సంతకంతోనే దాన్ని వెనక్కి తీసుకుని, పని పోతుందని తెలిసీ, కుంచె మార్చి మళ్లీ గీశాడు. దానివల్ల ఒక తల్లికి కొడుకు దొరికాడు. ఆ రెండు రోజుల వల్ల నాలుగు గోరీల్లో ఎవరున్నారో ఇక ఎప్పటికీ తెలియదు.